లైబ్రరీ వర్క్‌షాప్‌కి ఖాళీ చేతులతో వెళ్ళకండి

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో సోషియాలజీ పీహెచ్‌డీ రెండో ఏడాది చేస్తున్నాను. మాది వనపర్తి దగ్గర పల్లెటూరు. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. పాలమూరు నుంచి సీజన్‌కి వలస వెళ్ళే కుటుంబాల పిల్లల చదువు నా టాపిక్. ఈ విషయం మీద ఇప్పటిదాకా వచ్చిన పరిశోధనల గురించి ఒక చాప్టర్ రాసి గైడ్‌కి ఇచ్చాను. "ఇందులో నీ మాట ఎక్కడుందమ్మా?" అన్నారు. సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూస్తే సిమిలారిటీ, అంటే వేరేవాళ్ళ రాతలతో పోలిక, 37 శాతం వచ్చింది. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. పారాఫ్రేజింగ్ టూల్‌లో వేస్తే తగ్గిపోతుందని హాస్టల్లో ఫ్రెండ్స్ అంటున్నారు. మా లైబ్రరీ వాళ్ళు రీసెర్చ్ స్కిల్స్, అకడమిక్ రైటింగ్ మీద వరసగా వర్క్‌షాపులు పెడుతున్నారు. ఒకదానికి వెళ్ళాను. రెండు గంటలు ఇంగ్లిష్‌లో స్లైడ్లు చూపించి సర్టిఫికెట్ ఇచ్చారు. ఒక్క ముక్క తలకెక్కలేదు. మిగతా అందరూ అర్థమైనట్టే కూర్చున్నారు. మిగిలినవాటికి వెళ్ళడం టైమ్ వేస్టా? నాలాంటివాళ్ళకి అవి పనికొస్తాయా?

— ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: ముందు ఆ 37 శాతం సంగతి తేల్చుకుందాం. అది మనసులో మెదులుతున్నంతసేపు వర్క్‌షాపుల గురించి నేనేం చెప్పినా మీకు ఎక్కదు.

ప్లేజియరిజం (ఇతరుల రాతని తమదిగా చూపడం) మీద యూజీసీ, అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, 2018లో నిబంధనలు తెచ్చింది. థీసిస్‌లో పోలిక 10 శాతం లోపుంటే ఏ చర్యా ఉండదు. 10 దాటి 40 దాకా ఉంటే సరిదిద్ది మళ్ళీ ఇమ్మంటారు, ఆ గడువు ఆరు నెలలు మించకూడదు. 40 దాటి 60 దాకా ఉంటే సరిదిద్దిన ప్రతిని ఏడాది పాటు తీసుకోరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. ఈ లెక్కంతా సమర్పించిన థీసిస్‌కి. మీ చేతిలో ఉన్నది ఒక చాప్టర్ డ్రాఫ్ట్. మీ మీద ఏ కమిటీ కూర్చోలేదు. సరిదిద్దుకోవడానికి మీకు కావలసినంత సమయం ఉంది.

పైగా ఆ అంకెను అలాగే నమ్మకూడదు. సాఫ్ట్‌వేర్‌కి తెలిసింది ఒక్కటే: ఈ మాటల వరస ఇంకెక్కడైనా ఉందా లేదా అన్నది. అది దొంగతనమో కాదో దానికి తెలియదు. చివర ఇచ్చిన రిఫరెన్సులు, మూలం చెప్పి కోట్స్‌లో పెట్టిన వాక్యాలు, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, చట్టాల పేర్లు, అందరూ వాడే పదజాలం లెక్కలోకి రావని ఆ నిబంధనలే చెప్తున్నాయి. యాదృచ్ఛికంగా కలిసే మాటల వరస 14 పదాల దాకా ఉంటే దాన్నీ వదిలేయమన్నాయి. అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం 1979లో వచ్చిన చట్టం పూర్తి ఇంగ్లిష్ పేరు రాస్తే చాలు, రిపోర్టు పోలిన మాటలకి రంగు వేస్తుంది కాబట్టి ఒక లైను మొత్తం రంగు పట్టేస్తుంది. అందులో మీ తప్పేముంది? కాబట్టి లైబ్రరీలో ఆ రిపోర్టులు తీసేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, రిఫరెన్సులు, కోట్స్ మినహాయించి మళ్ళీ తీయమనండి. ఇంకో మాట కూడా తప్పకుండా చెప్పండి: డ్రాఫ్ట్‌ను సాఫ్ట్‌వేర్ రిపాజిటరీలో, అంటే అది పోల్చడానికి పత్రాలు దాచుకునే చోట, సేవ్ చేయకుండా చూడమనండి. సేవ్ అయితే రేపు మీ థీసిస్ మీ డ్రాఫ్ట్‌తోనే పోలి ఉందని చూపిస్తుంది.

ఇవన్నీ తీసేశాక అంకె ఎంతో కొంత తగ్గుతుంది. మిగిలేదే మనం పట్టించుకోవాల్సింది. గైడ్ గారు అడిగిన ప్రశ్నకి, ఆ మిగిలిన రంగు లైన్లకి మూలం ఒకటే అని నాకనిపిస్తోంది.

మీరు ఎలా రాసి ఉంటారో ఊహించగలను. ఒకపక్క పీడీఎఫ్, ఇంకోపక్క వర్డ్ ఫైల్. పేపర్‌లో వాక్యం బాగుంది, మన ఇంగ్లిష్‌లో అంత బాగా రాదు, అందుకని అదే వాక్యాన్ని తీసుకుని అక్కడో మాట ఇక్కడో మాట మార్చడం. పక్కనే మూలం పేరు కూడా పెట్టి ఉంటారు. దీన్ని ప్యాచ్‌రైటింగ్ అంటారు. రెండో భాషలో రాసేవాళ్ళు ప్రపంచమంతటా చేసే పనే ఇది. మోసం చేయాలన్న ఉద్దేశం ఇందులో ఉండదు, భయమే ఉంటుంది. కానీ పేరు పెట్టినా సరే, వాక్యం వాళ్ళదే అయితే అది కోట్స్‌లో ఉండాలి. లేదంటే పూర్తిగా మీ వాక్యం కావాలి. మధ్యస్థంగా ఉంటే రెండిటికీ చెడుతుంది.

పారాఫ్రేజింగ్ టూల్ చేసేది కూడా సరిగ్గా ఈ మధ్యస్థం పనే, కాకపోతే మీకంటే వేగంగా, మీకంటే తెలివితక్కువగా చేస్తుంది. దాని జోలికి వెళ్ళొద్దు. 2021లో గియోమ్ కబనాక్ అనే ఫ్రెంచ్ పరిశోధకుడు, ఆయన సహచరులు అచ్చయిన సైన్స్ పేపర్లలో విచిత్రమైన మాటలు కనిపెట్టారు. బ్రెస్ట్ క్యాన్సర్ అని ఉండాల్సిన చోట బూజమ్ పెరిల్ అని, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ బదులు కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్ అని ఉంది. పట్టుబడకుండా ఉండాలని ఇలాంటి టూల్స్‌లో వేయడం వల్ల పుట్టిన మాటలవి. వాళ్ళు వీటికి టార్చర్డ్ ఫ్రేజెస్ అని పేరు పెట్టారు. మీ చాప్టర్‌లో సీజనల్ మైగ్రేషన్ అన్న మాట ఏ అకేషనల్ రీలొకేషన్‌గానో మారితే మీ గైడ్ మొదటి పేజీలోనే గుర్తుపడతారు. థీసిస్ ఇచ్చేటప్పుడు ఇది నా సొంత పని అని మీరు హామీ పత్రం ఇవ్వాలి, మీ గైడ్ కూడా సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాలి. ఆయన్ని ఆ ఇబ్బందిలోకి నెట్టకండి. చాట్‌బాట్‌ని అడిగి రిఫరెన్సులు తెచ్చుకోవడం కూడా అంతే ప్రమాదం. అచ్చం నిజమైనవాటిలా ఉండే, అసలు లేని పేపర్ల పేర్లు ఇస్తుంది. కళ్ళతో చూడని పేపర్‌ని జాబితాలో పెట్టకండి.

మరి ఏం చేయాలి? నోట్స్ రాసే పద్ధతి మార్చండి, అది కూడా తెలుగులో. పేపర్‌లో ఒక భాగం చదవండి, ల్యాప్‌టాప్ మూసేయండి, నోట్‌బుక్‌లో తెలుగులో రాయండి: వీళ్ళు ఏం తెలుసుకోవాలనుకున్నారు, ఏ ఊళ్ళో ఎవరిని అడిగి చెప్తున్నారు, చివరికి ఏమంటున్నారు, అందులో నాకు ఒప్పుకోబుద్ధి కానిది ఏమిటి. ఈ చివరిది వేరే రంగు పెన్నుతో రాయండి. పక్కన పేజీ నంబర్ వేయండి. ఏదైనా వాక్యం ఉన్నది ఉన్నట్టు కావాలనిపిస్తే, నోట్స్ రాసేటప్పుడే కోట్స్ పెట్టి దించుకోండి. తర్వాత పెడదాంలే అనుకుంటే ఆ వాక్యం ఎవరిదో మీకే గుర్తుండదు. రెండు రోజులాగి, పీడీఎఫ్ తెరవకుండా, ఈ తెలుగు నోట్స్ చూసుకుంటూ ఇంగ్లిష్‌లో రాయండి. ఇంగ్లిష్ మామూలుగా ఉన్నా ఫర్వాలేదు. అది మీ వాక్యం అవుతుంది. వ్యాకరణం తర్వాత ఎవరైనా సరిదిద్దగలరు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోవాలి: భాష మారినంత మాత్రాన ఆలోచన మీది అయిపోదు. ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ళ పేరు అక్కడ ఉండాల్సిందే.

తెలుగు మీడియంలో చదివిన పిల్లలు తెలుగులో నోట్స్ రాసుకోవడానికి యూనివర్సిటీలో సిగ్గుపడుతుంటే చూసి నాకు చాలా బాధగా ఉంటుంది. వనపర్తి నుంచి వలస వెళ్ళిన తల్లి మీతో మాట్లాడేది తెలుగులోనే. ఆమె మాటని మొదట అర్థం చేసుకోవాల్సిందీ అందులోనే. మీ క్లాసులో చాలామందికి లేని బలం అది.

ఇక వర్క్‌షాపుల సంగతి. మీరు వెళ్ళిన సెషన్ మీకు ఎక్కకపోవడం మీ తప్పు కాదు. వందమందిని ఒక హాల్లో కూర్చోబెట్టి స్లైడ్లు చూపిస్తే ఎవరికీ ఏ నైపుణ్యమూ రాదు. ఈత గురించి రెండు గంటలు ఉపన్యాసం వింటే ఈత రానట్టే. అర్థమైనట్టు కూర్చున్నవాళ్ళలో చాలామంది మీలాగే కూర్చుని ఉంటారు. అలాగని అన్నీ మానేస్తే నష్టపోయేది మీరే. విద్యాసంస్థలు ప్రతి సెమిస్టర్‌లో ఇలాంటి అవగాహన కార్యక్రమాలు పెట్టాలని ఆ 2018 నిబంధనలే చెప్తున్నాయి. అంటే ఇవి మీకు ఎవరో దయతో ఇస్తున్నవి కావు. ఏవి ఎంచుకోవాలి, ఏం పట్టుకెళ్ళాలి అన్నదే అసలు విషయం.

మొదట వెళ్ళాల్సింది డేటాబేస్‌లలో వెతకడం మీద పెట్టే సెషన్‌కి, కంప్యూటర్ ల్యాబ్‌లో చేతితో చేయించేదైతే. మీ టాపిక్‌నే తీసుకుందాం. మీరు సెర్చ్ బాక్స్‌లో జిల్లా పేరు కొట్టి ఉంటారు. 2011 జనగణనలో మహబూబ్‌నగర్ ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో మొదటి ‘హెచ్’ తర్వాత ‘ఎ’ అక్షరం ఉండదు. ఇప్పుడు చాలామంది ఆ ‘ఎ’ పెట్టి రాస్తారు. పాలమూరు అనే మాటనైతే ఒకరు ‘యు’తో ముగిస్తారు, ఇంకొకరు ‘ఆర్’తో ఆపేస్తారు, మరొకరు మధ్యలో రెండు ‘ఓ’లు పెడతారు. ఒక్క స్పెల్లింగ్‌తో వెతికితే మిగతా స్పెల్లింగ్‌లలో రాసినవాళ్ళంతా మీకు లేనట్టే. వీటన్నిటినీ బ్రాకెట్‌లో పెట్టి మధ్యలో ‘OR’ (లేదా) అనే ఆపరేటర్ వేయాలి, రెండు మూడు మాటల పదబంధాలని డబుల్ కోట్స్‌లో పెట్టాలి, మైగ్రేషన్, మైగ్రెంట్, మైగ్రేటింగ్ మూడూ ఒకేసారి రావాలంటే మాట మొదటి భాగం దగ్గర ఆపి నక్షత్రం గుర్తు పెట్టాలి. నక్షత్రం అన్నిచోట్లా ఒకేలా పనిచేయదు, ఏ డేటాబేస్‌లో ఎలాగో లైబ్రేరియన్ చూపిస్తారు. మీరు వలస అంటున్న దాన్నే పరిశోధకులు సీజనల్ మైగ్రేషన్, సర్క్యులర్ మైగ్రేషన్, డిస్ట్రెస్ మైగ్రేషన్, ఫుట్‌లూజ్ లేబర్ అని రకరకాల పేర్లతో రాశారు. ఒక్కో పేరు వెనక ఒక్కో వాదన ఉంది. ఈ పేర్ల పట్టిక తయారుచేసుకోవడంతోనే మీ చాప్టర్ సగం దారిలో పడుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు పాత మహబూబ్‌నగర్ నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల వేరయ్యాయి. 2019లో నారాయణపేట కూడా వేరైంది. షాద్‌నగర్ ప్రాంతం రంగారెడ్డిలో కలిసింది. 2011 లెక్కల్లోని మహబూబ్‌నగర్, ఇప్పటి మహబూబ్‌నగర్ ఒకటి కావు. ఈ రెండు కాలాల అంకెలని పక్కపక్కన పెట్టి వలస తగ్గిందని రాస్తే వైవాలో (మౌఖిక పరీక్షలో) మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. ఇలాంటిదాన్ని లైబ్రరీ వర్క్‌షాప్ తనంతట తాను చెప్పదు. మీరు మీ టాపిక్‌తో వెళ్ళి అడిగితేనే, పాత జిల్లా గణాంక పుస్తకాలు ఎక్కడున్నాయో, మండలాల వారీగా లెక్క ఎలా తీయాలో చెప్పే మనిషి దొరుకుతారు.

ఎక్కడెక్కడ వెతకాలో కూడా చెప్తాను. శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో మన దేశంలోని లక్షల థీసిస్‌లు ఉచితంగా ఉన్నాయి. అందులో మీ టాపిక్‌కి దగ్గరగా ఉన్న థీసిస్‌ల చివరి రిఫరెన్సుల జాబితా చదవండి, బంగారు గని అది. అయితే వాటినుంచి పేరాలు ఎత్తొద్దు, సాఫ్ట్‌వేర్ వాటితో కూడా పోల్చి చూస్తుంది. ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ పాత సంచికలు జేస్టోర్ అనే ఆన్‌లైన్ జర్నళ్ళ భాండాగారంలో ఉంటాయి, కూలీల వలస మీద మన దేశంలో జరిగిన చర్చ చాలావరకు ఆ పేజీల్లోనే జరిగింది. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ విద్యాసంస్థలకు 30 ప్రచురణ సంస్థల జర్నళ్ళు, దాదాపు 13,000, అందుబాటులోకి వచ్చాయి. హాస్టల్ గదిలోంచీ, సెలవుల్లో మీ ఊరినుంచీ వీటిని తెరిచే లాగిన్ ఎలా తీసుకోవాలో లైబ్రరీలోనే అడగండి. బేగంపేటలో ఉన్న సెస్, అంటే సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్, రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ, ఈ రెండు చోట్లా గ్రామీణ జీవితం మీద ఏళ్ళ తరబడి పని జరిగింది. మీ లైబ్రేరియన్ నుంచి ఒక పరిచయ లేఖ పట్టుకుని వెళ్ళండి. ఎక్కడా దొరకని పుస్తకాన్ని డెల్‌నెట్ అనే లైబ్రరీల నెట్‌వర్క్ ద్వారా వేరే లైబ్రరీ నుంచి తెప్పించగలరేమో కనుక్కోండి.

రెండోది జోటెరో మీద సెషన్. ఇది ఉచిత సాఫ్ట్‌వేర్, చదివినవన్నీ ఒకచోట పెట్టి, వర్డ్‌లో రిఫరెన్సులు తనే వేస్తుంది. ఒక పూటలో వచ్చే విద్య. కానీ తెలుగువాళ్ళ పేర్ల దగ్గర తప్పులు చేస్తుంది. మనకి ఇంటిపేరు ముందుంటుంది, చాలాసార్లు ఒక్క అక్షరంగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ చివరి మాటే ఇంటిపేరు అనుకుంటుంది. దాంతో ఒకే మనిషి మీ జాబితాలో రెండు చోట్ల ఇద్దరు మనుషులుగా తేలతారు. ప్రతి ఎంట్రీ కళ్ళతో చూసి, పేపర్ మీద ఎలా అచ్చయిందో, మీ శాఖ ఏ పద్ధతి పాటిస్తుందో చూసి ఒకే రకంగా సరిచేసుకోండి. మీ పేరు కూడా ఇంగ్లిష్‌లో ఎలా రాయాలో ఇప్పుడే నిర్ణయించుకుని, పరిశోధకులకి ఉచితంగా వచ్చే గుర్తింపు సంఖ్య, ఆర్కిడ్ నంబర్, తీసుకోండి.

జర్నల్‌లో పేపర్ వేయించడం మీద పెట్టే సెషన్‌కి ఇప్పుడు తొందర లేదు. 2022 నిబంధనల్లో యూజీసీ పీహెచ్‌డీకి పేపర్ తప్పనిసరి అన్న షరతు తీసేసింది. మీ యూనివర్సిటీకి సొంత నియమం ఉందేమో మాత్రం చూసుకోండి. మూడు రోజుల్లో అచ్చు వేస్తామని వాట్సాప్‌లో వచ్చే ప్రకటనలకు డబ్బు కట్టకండి.

అకడమిక్ రైటింగ్ సెషన్ మీకు అన్నిటికంటే అవసరం. కానీ అక్కడికి ఊరికే వెళ్ళకండి. మీ చాప్టర్‌లోంచి, బాగా రంగు పట్టిన ఒక పేజీ ప్రింట్ తీసుకుని వెళ్ళండి. గైడ్ గారు అడిగిన "నీ మాట" అంటే ఏమిటో చిన్న ఉదాహరణతో చెప్తాను. మీ పేజీ బహుశా ఇలా ఉండి ఉంటుంది: వలస కుటుంబాల పిల్లలు మధ్యలో బడి మానేస్తున్నారని ఒకరు అన్నారు. సీజనల్ హాస్టళ్ళు కొంత మేలు చేశాయని ఇంకొకరు అన్నారు. అమ్మమ్మ, తాతయ్యల దగ్గర వదిలి వెళ్ళిన పిల్లల గురించి మూడో వారు రాశారు. ఇందులో అందరూ మాట్లాడారు, మీరు తప్ప. అదే సమాచారాన్ని ఇలా చెప్పొచ్చు: "బడి మానేయడం గురించి నేను చదివిన అధ్యయనాలు ఎక్కువగా సొంత ఊరి బడి రిజిస్టర్ నుంచి మొదలయ్యాయి. తల్లిదండ్రులతో పాటు పనిచోటికి వెళ్ళిన పిల్ల అక్కడ ఏం చదివిందో ఆ రిజిస్టర్‌లో ఉండదు. నేను అక్కడినుంచి మొదలుపెడుతున్నాను." ఆ ముగ్గురి పేర్లూ ఇందులోనూ వస్తాయి, కానీ వాళ్ళని వరసలో నిలబెట్టింది మీరు. నిజంగా మీరు చదివినవి అలాగే ఉన్నాయో లేదో మీకే తెలియాలి. అది తేలడానికి ఒక పెద్ద కాగితం మీద పట్టిక గీయండి. అడ్డంగా పేపర్లు, నిలువుగా మీ ప్రశ్నలు: ఏ ఊరు, ఏ వయసు పిల్లలు, ఎవరిని అడిగారు, ఆడపిల్లల సంగతి విడిగా చూశారా. ఖాళీగా మిగిలిన గళ్ళు మీకే కనిపిస్తాయి. మీ మాట ఉండేది ఆ గళ్ళలోనే.

సెషన్‌లో ముందు వరసలో కూర్చోండి. అయిపోయాక ఆగి, విడిగా అరగంట అపాయింట్‌మెంట్ అడగండి. తెలుగులోనే అడగండి, మన యూనివర్సిటీ లైబ్రరీల్లో తెలుగు వచ్చిన సిబ్బంది ఎప్పుడూ ఉంటారు. మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో రాసిన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చేయమంటుంది. లైబ్రరీ సైన్స్ చదివిన ప్రతివారూ మొదట నేర్చుకునేది ఆ ఐదు సూత్రాలే. మీరు అడిగితే విసుక్కునేవారు ఒకరిద్దరు ఉండొచ్చు, కానీ తన విషయంతో వచ్చి ప్రశ్న అడిగే పరిశోధకుల కోసం ఎదురుచూసే లైబ్రేరియన్లు నాకు చాలామంది తెలుసు. మీ శాఖలో ఇంకో నలుగురైదుగురిని కూడగట్టుకుని, సోషియాలజీ వాళ్ళకి విడిగా, ల్యాబ్‌లో, సగం తెలుగులో ఒక సెషన్ పెట్టమని ఉత్తరం ఇవ్వండి. అలాంటి ఉత్తరం చేతిలో ఉంటే పైవాళ్ళతో అనుమతి తీసుకోవడం వాళ్ళకీ తేలికవుతుంది.

గైడ్ దగ్గరికి మాత్రం ఈసారి చాప్టర్ మొత్తం పట్టుకెళ్ళకండి. ఆ పట్టిక, కొత్తగా రాసిన రెండు పేజీలు, రిఫరెన్సులు మినహాయించి తీసిన రిపోర్టు, ఈ మూడే తీసుకెళ్ళండి. ఈ రెండు పేజీల పద్ధతి సరిపోతుందా అని అడగండి. సరే అంటే మిగతా చాప్టర్ అదే దారిలో తిరగరాయండి. కాదంటే ఏ వాక్యం దగ్గర ఆగారో పెన్నుతో గుర్తు పెట్టమని అడిగి, ఆ కాగితం పట్టుకుని మళ్ళీ లైబ్రరీకి వెళ్ళండి.